‘అబ్‌స్కాండెడ్ అని రాశారట’, ఆ ‘ట’తో కేసు నడవదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్లు చేశాను. అమ్మకి పక్షవాతం వచ్చిందని రిజైన్ చేసి, 90 రోజుల నోటీస్ ఉన్నా 22 రోజులకే కరీంనగర్ వచ్చేశా. మేనేజర్ వాట్సాప్‌లో ఓకే అన్నారు, తర్వాత ఫోన్‌లో నానా మాటలు అన్నారు. రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామనే కాగితం) ఇవ్వలేదు. కొత్త ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత హెచ్ఆర్ వాళ్లు ‘అబ్‌స్కాండెడ్’ అని రాశారట, పోయిన ఆగస్టు 18న ఆఫర్ క్యాన్సిల్ చేశారు. నన్నడక్కుండా కొత్త కంపెనీ వాళ్లు పాత కంపెనీని ఎలా అడుగుతారు? ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ కూడా తీసుకున్నారు. పరువునష్టం కేసు వేయొచ్చా? ఒక కన్సల్టెన్సీ వాళ్లు రిలీవింగ్ లెటర్ ఇప్పిస్తామంటున్నారు. ఆ చాట్ ఉన్న ఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాను.

జవాబు: మీ మేనేజర్ ఏమన్నాడు అన్నది పక్కన పెట్టండి, కోర్టు దాని జోలికి పోదు. తేలాల్సింది ఒక్కటే, మీరు చెప్పి వెళ్లారా, చెప్పకుండా వెళ్లారా. నోటీస్ పూర్తి చేయకపోతే కాంట్రాక్ట్ తప్పినట్టు, ఆ 68 రోజులకి మీరు డబ్బు బాకీ పడొచ్చు, అంతవరకే. అబ్‌స్కాండెడ్ అంటే ఎవరికీ చెప్పకుండా మాయమైపోయారని. రాజీనామా వాళ్లకి చేరిందని చూపించగలిగితే అది అబద్ధం, లేకపోతే వాళ్లు రాసిందే నిలబడే ప్రమాదం ఉంది.

‘రాశారట’ అన్నారు. అంటే రిపోర్ట్ మీరు చూడలేదు. ఏ తేదీన, ఎవరు, ఏ మాట రాశారో తెలీకుండా దావా ఎలా రాస్తాం? ఇవాళే కొత్త కంపెనీకి, వెరిఫికేషన్ ఏజెన్సీకి మెయిల్ పెట్టి కాపీ అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో మన సమాచారం మనం అడిగే హక్కు ఉంది గానీ రూల్స్ 2025 నవంబర్లో వచ్చాయి, ఆ సెక్షన్ అమలుకి అక్కణ్ణుంచి 18 నెలలు గడువు పెట్టారు. కాబట్టి వాళ్లు ఇవ్వకపోవచ్చు, అయినా మీరు అడిగినట్టు రికార్డ్ ఉండాలి, దావా వేశాక కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

ఇప్పుడు అసలు భయం. రాతపూర్వక పరువునష్టానికి సివిల్ దావా గడువు ఏడాదే, 1963 లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 75. అది వాళ్లు ఆ మాట రాసి పంపిన రోజు నుంచి లెక్క, అంటే ఆగస్టు 18 కన్నా ముందే మొదలై ఉంటుంది. ఇప్పుడు జూన్. పది నెలలు ఊరికే కూర్చున్నారు! లీగల్ నోటీస్ పంపితే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు, దావా కోర్టులో పడాల్సిందే. క్రిమినల్ కంప్లైంట్‌కి మూడేళ్లు ఉంది గానీ భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 356లో సదుద్దేశంతో చెప్పిన మాటకి మినహాయింపు ఉంది, కంపెనీ లాయర్ మొదట పట్టుకునేది దాన్నే, అందుకే దాంతో మొదలుపెట్టొద్దంటాను.

మీ పర్మిషన్ లేకుండా అడిగారంటున్నారు, ఆఫర్ తీసుకునేటప్పుడు మీరు టిక్ పెట్టిన ఫారం ఒకసారి తెరిచి చదవండి, పాత కంపెనీని అడగొచ్చని దాదాపు ప్రతిదాంట్లో ఉంటుంది. వెరిఫికేషన్ సరిగ్గా వస్తేనే ఉద్యోగం అని ఆఫర్ లెటర్లో ఉంటే కొత్త కంపెనీ మీద కేసు నిలవదు. బ్యాంక్ స్టేట్‌మెంట్ ఇంకోసారి అడిగితే జీతం పడిన లైన్లు ఉంచి మిగతావి కొట్టేసి ఇస్తానని అడగండి, మీ ఇంటి ఖర్చులతో వాళ్లకేం పని.

కన్సల్టెన్సీ లెటర్ మాత్రం ముట్టుకోవద్దు. అది ఫోర్జరీ, మోసం చేయడానికి చేస్తే ఏడేళ్ల దాకా జైలు, అసలుదని చెప్పి వాడినవాళ్లకీ అదే శిక్ష. ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడుతుంది, ఆ తర్వాత మీరు నిజం చెప్పినా ఏ జడ్జీ నమ్మడు.

చాట్ ఉన్న ఫోన్ బ్యాకప్ తీయకుండా ఎక్స్ఛేంజ్‌కి ఎలా ఇచ్చారండీ, ఉన్న ఒక్క సాక్ష్యం అదే కదా! గూగుల్ డ్రైవ్‌లో పాత బ్యాకప్ ఉందేమో, ఇంట్లో లాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ ఉందేమో చూడండి. దొరికితే స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. చాట్ దొరక్కపోయినా ఆఫీస్ లాప్‌టాప్ వెనక్కిచ్చిన కొరియర్ రసీదు, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో వాళ్లు వేసిన ఎగ్జిట్ తేదీ, ఆ 22 రోజుల్లో హ్యాండోవర్ తీసుకున్న సహోద్యోగి, ఇవన్నీ పనికొస్తాయి. మాయమైపోయిన మనిషి హ్యాండోవర్ ఇవ్వదు కదా.

ముందు మీ పర్సనల్ మెయిల్ నుంచి పాత కంపెనీకి రాయండి: ఫలానా తేదీన రిజైన్ చేశాను, ఫలానా రోజు దాకా పనిచేశాను, లాప్‌టాప్ ఇచ్చేశాను, నోటీస్ తగ్గిన రోజులకి లెక్క చెప్పండి, మిగిలిన లీవులు సర్దుబాటు చేస్తే మిగతాది కట్టేస్తాను, రిలీవింగ్ లెటర్ ఇచ్చి రికార్డులో ‘రిజైన్డ్, నోటీస్ పూర్తి చేయలేదు’ అని మార్చండి. ఇందులో ‘చెప్పకుండా వెళ్లినందుకు సారీ’ లాంటి మాట ఒక్కటి కూడా రాయొద్దు, దాన్నే మీ మీద ఎగ్జిబిట్‌గా వేస్తారు. చాలా కంపెనీలు డబ్బు కట్టగానే దిగొస్తాయి, మీక్కావాల్సింది కూడా ఆ లెటరే. 15 రోజులు చూడండి. కదలిక లేకపోతే జూలై మొదటి వారంలోపే ఈ కాగితాలన్నీ పట్టుకుని దగ్గర్లోని సివిల్ లాయర్ని కలవండి, దావా తయారీకి ఆయనకీ టైం కావాలి.