రాతి గోడకు సిమెంట్ పెట్టించకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ దగ్గర మీరు కొన్న రాతి ఇంటి ఫోటోలు చూశాం. ఆ లోతైన కిటికీ గూళ్లు చూసి మీ అత్తయ్య మురిసిపోయింది. కానీ చలికాలం లోపు గోడల సందులన్నీ సిమెంట్‌తో నింపిస్తానన్నావు. ఆ పని ఆపరా.

ఆ ఇల్లు 1700ల నాటిది. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కు పేటెంట్ వచ్చిందే 1824లో. మీ గోడలు కట్టింది సున్నంతో. మన ఊళ్లలో ఎద్దుల గానుగలో తిప్పి వాడిన డంగు సున్నానికి అది చుట్టమే. గోడ తాగిన నీరు మెత్తని ఆ సున్నపు సందుల్లోంచే ఆరిపోతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. నీరు లోపలే నిలిచి, గడ్డకట్టి, ఉబ్బి, రాయిని పెచ్చులుగా ఊడగొడుతుంది. సున్నం రాలితే మళ్లీ పెట్టుకోవచ్చు, రాయి పోతే ఏం చేస్తాం? మా ఇంటికి నేను చేయించిన తప్పు ఇదే. మూడో చలికాలానికి ఉత్తరపు గోడ పొరలు పొరలుగా రాలింది. ఇప్పటికీ అటు వెళ్తే మనసు చివుక్కుమంటుంది.

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టు. జోరువానలో గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ తిరుగు, కప్పు అంచు గట్టర్లు ఎక్కడ కారుతున్నాయో తెలుస్తుంది. అది సరిచేశాక, వదులైన సందులు మాత్రమే తీయించు. గ్రైండర్ తగలనివ్వకు, రాతి అంచులు కోసుకుపోతాయి. ఉలి, సుత్తి చాలు. సందు వెడల్పుకు రెండు, రెండున్నర రెట్ల లోతు తీసి, తడిపి, సున్నం కూరి, కొన్ని రోజులు తడి గోనెపట్టాలు కప్పాలి. మంచుకు పచ్చి సున్నం నిలవదు కాబట్టి వసంతం దాకా ఆగు. పాత సున్నం ముక్కొకటి దాచు, ఇసుక రంగు దాన్ని చూసే కలపాలి.

లోపల గోడలేవీ పడగొట్టకముందు విల్లో స్ట్రీట్‌లోని హాన్స్ హెర్ ఇల్లు చూసి రా. 1719లో హాన్స్ కొడుకు క్రిస్టియన్ హెర్ కట్టాడు, ఆ ఏడు వాకిలి పైరాతి మీద చెక్కి ఉంటుంది. మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ప్రార్థనకు చేరింది కూడా ఆ ఇంట్లోనే. బాగా ఏటవాలు కప్పు, ఇంటి నడుమ పొగగూడు, దాన్ని ఆనుకుని వంటిల్లు: అది జర్మన్ పద్ధతి. మీ ఇంట్లో మధ్యన నడవా, రెండు చివర్లా పొగగూళ్లు, వాకిలికి అటూ ఇటూ సమానంగా కిటికీలు ఉంటే ఇంగ్లీషువాళ్ల జార్జియన్ పద్ధతి. ఏ గోడ ఎందుకుందో అప్పుడు అర్థమవుతుంది.

కాంట్రాక్టర్‌కి అడ్వాన్స్ ఇవ్వలేదు కదా? శనివారం వస్తున్నాను, ఇద్దరం కలిసి గోడలు చూద్దాం.

మీ మామయ్య