ధ్యానం మధ్యలో అమ్మ పిలిస్తే

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, మాది గుంటూరు. నాలుగేళ్ల కిందట హైదరాబాద్ సాగర్ రోడ్డులోని ధమ్మఖేత్త కేంద్రంలో పదిరోజుల విపశ్యన ధ్యాన శిబిరం చేశాను. అప్పట్నుంచి పొద్దున, సాయంత్రం గంటసేపు కూర్చుంటున్నాను. పక్షవాతం వచ్చిన మా అమ్మ ఏడాదిన్నరగా నా దగ్గరే ఉంది. కళ్లు మూసుకున్న పావుగంటకే పిలుస్తుంది. లేస్తే చిరాకు, లేవకపోతే మనసు పీకుతుంది. రాత్రిళ్లు నిద్ర లేదు, నడుం పోతోంది. తమ్ముడు హైదరాబాద్‌లో ఉంటాడు, నాన్న ఇల్లు వాడి పేరనే రాశారు. ఫోన్ చేస్తే అమ్మ బాగానే ఉందని చెబుతాను. ఎవర్నీ ఏమీ అడక్కుండా, దేనికీ చలించకుండా సమతతో ఉండటం అలవాటు చేసుకున్నాను. గంట పూర్తికాకుండా మధ్యలో లేవొచ్చా?

జవాబు: లేవండి. అందులో ఆలోచించడానికేముంది? శిబిరంలో నాలుగో రోజు నుంచి అధిష్ఠానమని గంటసేపు కాలూ చెయ్యీ కదపకుండా కూర్చోమంటారు. అక్కడ వేళకు వండిపెట్టడానికి, గంట కొట్టి లేపడానికి ధమ్మ సేవకులుంటారు. ఇంట్లో ఆ సేవకురాలు మీరే. బెడ్‌పాన్ కావాలన్న మనిషిని ఇంకో ముప్పావుగంట ఆగమంటారా? బుద్ధుడు ఎరుక గురించి బోధించిన మహాసతిపట్ఠాన సుత్తంలో తినడం, తాగడంతోపాటు మలమూత్రాల దగ్గర కూడా ఎరుక ఉండాలనే చెప్పారు. విరేచనాలతో పడి ఉన్న భిక్షువును బుద్ధుడు, ఆనందుడు కలిసి కడిగి మంచం మీద పడుకోబెట్టారని భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఉంది. అమ్మను పక్కకు తిప్పి, దుప్పటి లాగి, కొత్తది పరిచేటప్పుడు మీ ఊపిరిని గమనించుకోండి. అది కూడా సాధనే.

మీ ఇబ్బంది అమ్మతో కాదు, తమ్ముడితో. ఇల్లు వాడి పేరన రాశారని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు చూడండి, మీ చిరాకంతా అక్కడిది. పిలిచిన పాపానికి అమ్మ మీద పడుతోంది. అడక్కుండా ఉండటంలో నాకు సమత కనిపించలేదు. వాడంతట వాడే తెలుసుకోవాలన్న పంతం కనిపించింది. శిబిరం మొదట్లో పంచశీలాలు తీసుకున్నారు కదా, అబద్ధమాడనన్నది అందులో ఒకటి. మరి ‘అమ్మ బాగానే ఉందిరా’ ఏమిటి? మీ నడుం సంగతి చెప్పకపోతే వాడికెలా తెలుస్తుంది? వాణ్ని తిట్టాలన్నా నాకు నోరు రావడం లేదు.

ఆస్తి రాసేటప్పుడు ఆడపిల్ల, మంచం పట్టాక మాత్రం కన్నకూతురు అనే లెక్క నేను ఒప్పుకోను. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో చేసిన చట్టం కూడా కొడుకనీ కూతురనీ తేడా పెట్టలేదు. కోర్టుకెక్కమని కాదు నేననేది, నోరు విప్పమని.

వాడు చేసేదాకా ఆగకుండా మీరే ఫోన్ చెయ్యండి. మరదలికి కాదు, వాడికే. ‘మూణ్ణెల్లు అమ్మను నువ్వుంచుకో, కుదరదంటే ఇక్కడ మనిషిని పెడతాను, జీతం నువ్వియ్యి’ అనండి. ఇంటి మాట మాత్రం ఎత్తకండి, ఎత్తారంటే అమ్మ సంగతి పక్కకి పోతుంది. వాడు నసుగుతాడు, వెనకనుంచి మరదలు ఏదో అంటుంది. మీ సమత అప్పుడు పనికొస్తుంది. మీలా పదిరోజుల శిబిరం చేసిన పాత సాధకులకు ఒక్కరోజు శిబిరాలు కూడా ఉంటాయి, కాస్త వీలు దొరికితే వెళ్లిరండి.

ఫోన్ చేసే ముందు అమ్మను కూడా ఒకమాట అడగండి. కొడుకు దగ్గరికి వెళ్లాలని ఆవిడకే ఉండి, మీరేమనుకుంటారోనని నోరు మెదపడం లేదేమో.