విద్యార్థి వీసా: ఖాతాలో డబ్బు ఉంటే సరిపోతుందా?

విదేశీ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చింది, ఖాతాలో సరిపడా సొమ్ము ఉంది, ఇక వీసా వచ్చినట్లేనా అన్నది ప్రశ్న. కాదు. సొమ్ము ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడి నుంచి వచ్చింది, ఎంతకాలంగా ఉందన్నదీ చూస్తారు.

బ్రిటన్ సంగతే తీసుకోండి. నిధులకు ఆధారం చూపాల్సినవారి ఖాతాలో కావలసిన మొత్తం వరుసగా 28 రోజులు నిలవాలి. 20వ రోజున ఎవరికో చేబదులిచ్చి మర్నాడే తిరిగి వేసుకున్నా లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ 28 రోజులు ముగిశాక 31 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ఈ రెండో షరతును చాలామంది పట్టించుకోరు.

అమెరికాకు ఇలా రోజుల లెక్క లేదు, కానీ ఇంటర్వ్యూ ఉంది. విశ్వవిద్యాలయం ఐ-20 పత్రం (ప్రవేశాన్ని, ఖర్చు అంచనాను తెలిపేది) పంపాక సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదుచేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము కట్టి, డీఎస్-160 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి కాన్సులేట్‌కు వెళ్లాలి. ఐ-20లోని ఏడాది ఖర్చుకూ మీరు చెప్పే ఆదాయానికీ పొంతన కుదరాలి. చదువయ్యాక స్వదేశానికి తిరిగి వెళతారన్న నమ్మకం కలగకపోతే అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ కింద తిరస్కరిస్తారు. బట్టీపట్టిన జవాబులు ఇట్టే దొరికిపోతాయి. ఆ కోర్సే ఎందుకో మీ మాటల్లో చెప్పడమే మేలు.

వీసా ఖాయమని హామీ ఇచ్చే ఏజెంటుకు దూరంగా ఉండండి. నకిలీ బ్యాంకు స్టేట్‌మెంట్ బయటపడితే బ్రిటన్ 10 ఏళ్ల వరకు తలుపులు మూసేస్తుంది, అమెరికాలోనైతే శాశ్వత అనర్హతే. చిక్కుల్లో పడేది దరఖాస్తుదారే, ఏజెంటు కాదు.

అన్నట్టు, అమెరికా వీసా ముందే చేతికొచ్చినా, కోర్సు మొదలవడానికి 30 రోజుల కంటే ముందు కొత్త విద్యార్థిని దేశంలోకి రానివ్వరు. టికెట్ కొనేముందు తేదీ చూసుకోండి.