పాత పేరు చూసి సంతకం పెట్టకు

చి. మేనకోడలికి, మావయ్య ఆశీస్సులు.

లండన్ ఉద్యోగం ఆఫర్ సంగతి మీ అమ్మ చెప్పింది. యూరప్ బ్యాంకు, పెద్ద పేరు అని ఇంట్లో అందరూ సంబరపడుతున్నారట. పేరు పెద్దదే. అది ఎప్పటి పేరో, ఏ పనిలో తెచ్చుకున్నదో విడదీసి చూడకుండా మాత్రం సంతకం పెట్టకు.

పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తాం కదా, బ్యాంకుకీ అలాగే చూడు. ఉదాహరణకి స్విట్జర్లాండ్ బ్యాంకు యూబీఎస్. 1963లో ఇటలీ రహదారుల సంస్థ ఆటోస్ట్రాడెకి కోటిన్నర డాలర్ల బాండు తెచ్చి యూరోబాండు (ఒక దేశం కరెన్సీలో, ఆ దేశం బయట అమ్మే బాండు) మార్కెట్‌కి కొబ్బరికాయ కొట్టింది లండన్‌లోని ఎస్.జి. వార్‌బర్గ్ బ్యాంకు. బ్రిటన్ స్టాంప్ డ్యూటీ తగలకుండా బాండ్లను ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో జారీ చేయించిన బుర్రలవి! 1995లో వార్‌బర్గ్‌ను స్విస్ బ్యాంక్ కార్పొరేషన్ కొంది. 1998లో ఆ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ స్విట్జర్లాండ్‌తో కలిసి యూబీఎస్ అయింది. 2003లో వార్‌బర్గ్ పేరు బోర్డు మీంచి దిగిపోయింది. 2012 అక్టోబరులో ఫిక్స్‌డ్ ఇన్‌కమ్‌లో, అంటే బాండ్లు, వడ్డీరేట్ల వ్యాపారంలో, చాలా భాగం వదిలేస్తున్నామని, 10,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించారు. ఇంటర్వ్యూలో ఎవరైనా పాత ఘనత ఎత్తితే తాతలు నేతులు తాగిన సామెత గుర్తు తెచ్చుకో. 1762లో పుట్టిన లండన్ బ్యాంకు బేరింగ్స్ ఒక్క సింగపూర్ ట్రేడర్ నష్టాలతో 1995లో కూలి, 1 పౌండుకి డచ్ సంస్థ ఐఎన్‌జీ చేతికి పోయింది.

ఆ తర్వాత బ్యాంకును వదిలేసి డెస్కు, అంటే నువ్వు చేరబోయే వ్యాపార జట్టు, చూడు. 2019 జులైలో డాయిష్ బ్యాంక్ షేర్ల ట్రేడింగ్ దాదాపుగా మూసేసింది. విదేశీ మారకం, వడ్డీరేట్ల డెస్కులు మాత్రం నడిచాయి. ఒకే బిల్డింగులో ఒకరు అట్టపెట్టె సర్దుకుంటే పక్కవాడి ఫోను మోగుతూనే ఉంది. ఫ్రాన్స్ బ్యాంకు సొసియెటె జెనెరాల్ 2008 జనవరిలో ఒక ట్రేడర్ వల్ల 490 కోట్ల యూరోలు పోగొట్టుకున్నా, ఈక్విటీ డెరివేటివ్స్‌లో (షేర్ల ధరలకు ముడిపెట్టిన ఒప్పందాలు) దాని పనితనం నిలిచే ఉంది. కాబట్టి మేనేజర్‌ని సూటిగా అడుగు: ఈ డెస్కు ఆదాయం మూడేళ్ళుగా పెరుగుతోందా, తగ్గుతోందా? ఎంతమంది మానేశారు? ఎక్కడికి వెళ్ళారు? లీగ్ టేబుల్ (బ్యాంకుల ర్యాంకుల పట్టిక) చూపిస్తే డీల్ విలువ కాదు, ఫీజు వరస అడుగు. విలీనాల పట్టికల్లో ఒకే డీల్ మొత్తం విలువను ప్రతి సలహాదారు ఖాతాలోనూ వేస్తారు. అరడజను మంది వెనక నిలబడ్డవాడూ అందులో పెద్దవాడే.

వార్షిక నివేదికలో సెగ్మెంట్ పేజీ, అంటే విభాగాల వారీ లెక్కలు, తియ్యి. ఖర్చు-ఆదాయ నిష్పత్తి, ఆ విభాగానికి కట్టిపెట్టిన మూలధనం రెండూ రాసుకో. మూలధన నిష్పత్తి ఒక్కటే చూసి ధైర్యపడకు. 2022 చివర స్విస్ బ్యాంకు క్రెడిట్ స్వీస్ సీఈటీ1 నిష్పత్తి (రిస్కుతో పోల్చిన సొంత మూలధనం) 14.1 శాతం, చూడ్డానికి దుక్కలా ఉంది. ఆ చివరి మూడు నెలల్లోనే ఖాతాదారులు 11,050 కోట్ల ఫ్రాంకులు తరలించుకుపోయారు. 2023 మార్చి 19న బ్యాంకును యూబీఎస్‌కి అప్పగించే ఒప్పందం ప్రకటించారు. కొత్తగా వచ్చి చేరిన డబ్బెంత, పోయిందెంత అన్న వరుసే ముందు చూడు.

ఇక జీతం. బోనస్‌లో కొంత వాయిదా వేసి షేర్లుగా ఇస్తారు. రిస్కు తీసుకునే హోదాల్లో కనీసం 40 శాతం, నాలుగైదేళ్ళ మీద. నీ దగ్గర 2,248 క్రెడిట్ స్వీస్ షేర్లు ఉన్నాయనుకో. ఆ విలీనంలో 22.48కి ఒకటి చొప్పున చేతికొచ్చేవి సరిగ్గా 100 యూబీఎస్ షేర్లు. పాత షేరుకి 0.76 ఫ్రాంకు పడింది, 2007లో 80 ఫ్రాంకులు దాటిన షేరుకి! ఏటీ1 బాండ్లకు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయగల బాండ్లు) ముడిపెట్టిన బోనస్‌లైతే సున్నా అయ్యాయి. అందుకని వాయిదా సొమ్మును ఇంటి అద్దె లెక్కలో, లోను లెక్కలో వేసుకోకు. వాళ్ళే తీసేస్తే ఆ షేర్లు నిలుస్తాయా, నువ్వు మానేస్తే ఏమవుతాయి, ఈ రెండు క్లాజులూ రాతలో తెప్పించుకో. నోటిమాట చెల్లదు.

హైదరాబాద్ సెంటర్లో చేరాలనుకుంటున్న మీ తమ్ముడికీ ఒక మాట చెప్పు. 2009లో యూబీఎస్ ఇక్కడి సర్వీస్ సెంటర్‌ను సుమారు 7.5 కోట్ల డాలర్లకు కాగ్నిజెంట్‌కి అమ్మేసింది. అదే సీటు, అదే పని, ఐడీ కార్డు మీద పేరు మాత్రం వేరే.

నీ కాంట్రాక్టులో జీతమిచ్చే కంపెనీ పూర్తి పేరు, ప్రొబేషన్ నెలలు, నోటీసు వారాలు ఉన్న పేజీలు ఫోటో తీసి ఆదివారంలోగా పంపు. గార్డెన్ లీవ్ (నోటీసు కాలంలో జీతమిస్తూ పనికి రావద్దనడం) క్లాజు ఉంటే అదీ పంపు.

మీ మావయ్య