ఆకుపచ్చ వైరు సంగతి

కావలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న అక్క ఫోన్ చేసింది. ఉదయగిరి ఇంటికి వైరింగ్ మొదలైందని, శ్రావణంలో గృహప్రవేశమని చెప్పింది. సంతోషం. హాల్లోకి ఇత్తడి షాండ్లియర్, గేటు స్తంభాలకు ఇనప లైట్లు కొన్నావంట గదా. ఆ మాట విన్నప్పటినుంచి నాకు టెన్షన్‌గానే ఉంది.

ఎర్త్ వైరంటే లైటు లోహపు బాడీని నేలకు కలిపే ఆకుపచ్చ వైరు. లైటు వెలగడానికి దాంతో పనేమీ లేదబ్బయ్యా. కరెంటు తెచ్చే ఫేజు, తిరిగి తీసుకుపోయే న్యూట్రల్ ఉంటే చాలు. స్విచ్ వేస్తారు, వెలుగుతుంది, పనివాడు డబ్బులు తీసుకుని పోతాడు. ఆకుపచ్చ వైరు కలపలేదన్న సంగతి ఎవరికో ఒకరికి షాక్ కొట్టిందాకా బయటపడదు.

ముప్పయ్యేళ్ళు ఈ పని చేసిన నా ఇంట్లోనే అది జరిగింది. పెరట్లో రేకు పట్టీ ట్యూబ్‌లైటు ఉండేది. ఒక కార్తీకంలో ముసురు పట్టిన రోజు మీ అత్త తడిచేత్తో దాని మీద బూజు తుడవబోయి చెయ్యి విసిరికొట్టింది. ఇంకో చేతిలో చెంబు ఎగిరి తొట్టి దగ్గర పడింది. మెయిన్ ఆపి పట్టీ విప్పితే, చోక్ పక్కన ఫేజు వైరు రేకు అంచుకు రాసుకుని రాసుకుని తొడుగు ఒరిసిపోయి ఉంది. ఎర్త్ వైరేమో స్విచ్‌బోర్డు వెనకాల చుట్ట చుట్టుకుని ఉంది. తర్వాత కలుపుదాంలే అని అట్ల చుట్టి పెట్టింది నేనే. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

అందుకే చెప్తున్నా, ప్రతి లైటు పాయింటుకూ మూడు వైర్లు లాగించు. ప్లాస్టిక్ లైటుకు ఎర్త్ ఎందుకు సార్ అంటాడు నీ పనివాడు. డబుల్ ఇన్సులేషన్ లైటుకు అక్కర్లేదన్నది నిజమే. దాని మీద గడిలో ఇంకో గడి ఉన్న గుర్తు ఉంటుంది. కానీ రెండేళ్ళ తర్వాత నువ్వే అది పీకి ఇనపది తగిలిస్తావు. అప్పుడు గోడ పగలగొడతావా?

షాండ్లియర్ పైన, సీలింగుకు ఆనే గిన్నె లోపల ఒక స్క్రూ ఉంటుంది. పక్కన మూడు అడ్డగీతలు, కిందికి పోనుపోను చిన్నవవుతూ ఉంటాయి. ఆకుపచ్చ వైరు అక్కడికే రావాలి. రంగు మీద బిగిస్తే దండగ, రంగులోంచి కరెంటు పోదు. లోహం తళతళలాడేదాకా గీకించి, వైరు కొసకు రింగు లగ్గు, అంటే ఉంగరంలాంటి లోహపు ముక్క, నొక్కించి బిగించమను. వేలితో తోస్తే తిరగకూడదు. గొలుసు కొక్కేనికి తగులుతోంది గదా అంటారేమో, గొలుసు ఎర్త్ కాదు. దేని మీద చెయ్యి పెట్టినా ముందు మెయిన్ ఆపి టెస్టర్ పెట్టి చూసుకోమను. స్విచ్ పొరపాటున న్యూట్రల్‌లో పడి ఉంటే లైటు ఆరినా హోల్డర్‌లో ఫేజు అట్లనే ఉంటుంది.

ఎర్త్ దూరంగా ఉందని కొందరు న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తీసి లైటు బాడీకి కలిపేస్తారు. చచ్చినా ఒప్పుకోవద్దు. వెనకాల న్యూట్రల్ ఎక్కడ ఊడినా ఆ 230 వోల్టులు బల్బులోంచి వచ్చి బాడీ మీద కూర్చుంటాయి.

ఇక ఎర్త్ గుంత, ఈ ఆకుపచ్చ వైర్లన్నీ చివరికి నేలలోకి దిగే చోటు. మా సముద్రం వైపు ఇసక నేలలో పైపు సులువుగా దిగుతుంది గానీ ఉప్పు గాలికి పైన క్లాంపు తుప్పు పడుతుంది. మీది కొండ పక్క రాతి నేల. రెండున్నర మీటర్ల జీఐ పైపు సగంలో ఆగితే, మిగతాది కోసేసి పైన సిమెంటు చేసేవాళ్ళు ఉన్నారు. గుంత తవ్వేటప్పుడు కుర్చీ వేసుకుని అక్కడే కూర్చో. పైపు చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలుగా పడాలి, నీళ్ళు పోయడానికి పైన గరాటు ఉండాలి. మనకు వానలన్నీ కార్తీకం వైపే గదా, అప్పుడు కొలిస్తే ఏ ఎర్తైనా బాగానే ఉంటుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో కొలిపించు. ఎర్త్ రెసిస్టెన్స్, అంటే కరెంటు నేలలోకి పోవడానికి ఉండే అడ్డు, 5 ఓమ్‌ల లోపు వస్తే సరే. 20 ఉందనుకో, ఫేజు బాడీకి తగిలి షార్టయినప్పుడు నేలలోకి పోయేది పదకొండున్నర ఆంపియర్లే. కరెంటు మోతాదు మించితే పడిపోయే 16 ఆంపియర్ల ఎంసీబీ స్విచ్ దానికి కదలను కూడా కదలదు, లైటు బాడీ కరెంటుతోనే ఉంటుంది.

ఆ లోటుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా పసిగట్టి సప్లై ఆపేసే స్విచ్. అది పెట్టించి నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కు. అది ఉంది గదా అని ఎర్త్ మానేయొద్దు. ఎర్త్ ఉంటే లీకైన వెంటనే పడిపోతుంది. లేకపోతే మనిషి ముట్టుకుని, కరెంటు వాడి ఒంట్లోంచి పోయాక పడుతుంది.

ఆదివారం పొద్దున బస్సుకు బయల్దేరతా, ఎర్త్ టెస్టర్ కూడా తెస్తా. అంతవరకు గేటు లైట్లు పెట్టెల్లోంచి తీయొద్దు.

మీ మామయ్య