గోతి సంగతి దాచొద్దు, పాత టైరు ఇచ్చేయొద్దు

ప్రశ్న: నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులతో కారు కొని 26 నెలలైంది. 21 వేల కిలోమీటర్లకే వెనక కుడి టైరు లోపలి అంచు అరిగిపోయి తీగలు కనిపిస్తున్నాయి, మిగతా మూడూ బాగానే ఉన్నాయి. ఆ టైరు లోపలివైపు ఎక్కువ అరుగుతోందని 19 నెలల క్రితం రెండో సర్వీసులోనే మెకానిక్ చెప్పాడు. ఎన్నిసార్లు అడిగినా, చక్రాల అలైన్‌మెంట్ మీరే చేయించలేదని సర్వీసువాళ్లు అంటారు. ఇంట్లో రోజూ ఇదే గొడవ, నాన్నగారి మొహం చూడలేకపోతున్నాను. కొత్త కారు, మానసిక వేదనకు పరిహారం వస్తాయా? 14 నెలల క్రితం వెనక చక్రం ఒకసారి గోతిలో పడింది గానీ ఏమీ కాలేదు. ఆ సంగతి కేసులో రాయొద్దని స్నేహితుడు అంటున్నాడు. టైర్ల షాపువాళ్లు పాతది ఎక్స్చేంజ్‌లో తీసుకుంటామంటున్నారు, ఇచ్చేయనా?

జవాబు: ఇంటి గొడవలు పక్కన పెడదాం, రేపు వినియోగదారుల కమిషన్ కూడా వాటిని పక్కనే పెడుతుంది. మీ ఉత్తరంలో కేసును తేల్చేవి రెండు తేదీలు. టైరు అరుగుతోందని మొదట తెలిసిన రోజు ఒకటి, చక్రం గోతిలో పడిన రోజు ఇంకొకటి. మీ లెక్క ప్రకారం అరుగుదల ముందు, గోతి ఐదు నెలల తర్వాత. ఈ వరుసను కాగితం మీద చూపించగలిగితే మీకు గట్టి కేసు ఉంది. నోటిమాటే మిగిలితే కష్టం.

ఎందుకంటే, గాలి తక్కువైతే టైరు రెండు అంచులూ అరుగుతాయి, ఎక్కువైతే మధ్యలో అరుగుతుంది. ఒకే టైరు, అదీ లోపలి అంచే అరిగిందంటే ఆ చక్రం వాలులోనో, అది నడిచే దిశలోనో తేడా ఉందని అనుమానించాలి, మెకానిక్‌లు క్యాంబర్, టో అనేవి ఇవే. చాలా చిన్న కార్లలో వెనక టార్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనూ కలిపే ఇరుసు ఉంటుంది, దాంట్లో ఈ కోణాలు సర్దడానికి మామూలుగా వీలే ఉండదు. మీ కారు ఆ రకమేనా అని ముందు తెలుసుకోండి. అదే అయితే, సర్దడానికి వీల్లేని దాన్ని మీరు సర్దించలేదని నిందించడం చెల్లదు, ఇక వాళ్లు పట్టుకు వేలాడేది గోతినే. ఆ గోతికి ముందే అరుగుదల మొదలైందని చెప్పే కాగితం రెండో సర్వీసు జాబ్ కార్డు, అంటే బండి ఇచ్చినప్పుడు సర్వీసువాళ్లు రాసే కాగితం.

అది మీ దగ్గర ఉందా? ఉత్తరంలో దాని ఊసే లేదు! మెకానిక్ చెప్పాడంటున్నారు, రాసిచ్చాడా? లక్షలు పోసి కొన్న వస్తువు గురించి 19 నెలలు నోటిమాట మీద తిరిగారా, ఒక్క మెయిల్ అయినా పెట్టలేదా? చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టి ఉంటారు, ఇప్పుడు ఆ కార్డులో కస్టమర్ కంప్లైంట్ అన్నచోట జనరల్ చెకప్ అని ఉంటే అది అవతలివాళ్ల సాక్ష్యం అవుతుంది. సరే, ఈరోజే డీలర్‌కి, కంపెనీకి కలిపి మెయిల్ పెట్టి, రిజిస్ట్రేషన్, ఛాసిస్ నంబర్లు రాసి, మొదటి సర్వీసు నుంచి అన్ని జాబ్ కార్డుల కాపీలూ అడగండి. ఇవ్వకపోతే కేసులో ఆ కాగితాలు తెప్పించే అధికారం కమిషన్‌కి ఉంది. అప్పట్లో టైరు ఫొటో తీసి ఉంటే ఆ ఫోన్ పారేయొద్దు, ఒరిజినల్ ఫైలు అందులోనే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ అడుగుతారు.

ఇక్కడే ఒక చిక్కుంది. మిమ్మల్ని గెలిపించే ఆ కార్డే గడువు గడియారాన్ని కూడా మొదలుపెట్టేసింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం కేసుకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. అరుగుదల మీకు 19 నెలల క్రితమే తెలుసు, కాబట్టి మీకు ఐదు నెలలే ఉన్నాయనుకుని నడవండి. లోపల ఇంత లోపముందని నిన్నగాక మొన్నే తెలిసిందని వాదించొచ్చు, కానీ గడువు దాటిందని అనే అవకాశం అవతలి లాయర్‌కి ఎందుకివ్వాలి? మీరు రాసే ఉత్తరాలు, పంపే నోటీసులు గడువును పొడిగించవు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు గానీ, సర్వీసువాళ్లు రేపు మాపు అన్నారన్నది నిలిచే కారణం కాదు.

మీ స్నేహితుడి సలహా మాత్రం చెత్తబుట్టలో వేయండి. ఫిర్యాదుతో పాటు అఫిడవిట్ ఇవ్వాలి, అందులో గోతి దాచి తర్వాత రిమ్ము మీద సొట్ట బయటపడితే నిజమైన జాబ్ కార్డును కూడా ఎవరూ నమ్మరు. పైగా ప్రమాణం మీద అబద్ధం నేరం. మీరే ముందుగా, తేదీతో సహా రాయండి, అరుగుదల అంతకు ఐదు నెలల ముందే నమోదైందని పక్కనే రాయండి. గోతిలో పడినప్పుడు ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి ఉంటే సర్వేయర్ రిపోర్టు కాపీ తెప్పించుకోండి, ఇరుసు గురించి అందులో ఏముందో మనకు ముందే తెలియాలి.

ఎక్స్చేంజ్‌లో టైరు ఇచ్చేస్తే సాక్ష్యాన్ని మీ చేత్తో అమ్ముకున్నట్టే. తీగలు బయటపడ్డ టైరుతో బండి నడపొద్దు, ట్రెడ్, అంటే టైరు గాడుల లోతు, 1.6 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే కారు రోడ్డెక్కడమే నిబంధనలకు విరుద్ధం. స్టెప్నీ వేసుకోండి, పాతదాని మీద కుడి వెనక అని, లోపలివైపు ఏదో బాణం గుర్తుతో రాసి ఇంట్లో ఉంచండి. పక్కగోడ మీద DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. అవి కనిపించేలా ఒక ఫొటో, లోపల, మధ్య, బయట మూడుచోట్ల లోతు కొలిచే గేజ్ పెట్టి ఇంకో మూడు ఫొటోలు తీయండి. తర్వాత డీలర్‌తో సంబంధం లేని చోట అలైన్‌మెంట్ కొలిపించండి. ఏమీ సర్దకముందే రీడింగ్ ప్రింట్ తీసుకోవాలి, అది లేకుండా మెషీన్‌వాడిని దేనిమీదా చెయ్యి వేయనివ్వొద్దు.

కొత్త కారు మాట మరిచిపోండి. మార్చగలిగిన భాగంలో లోపం ఉంటే ఆ భాగం బాగుచేయడమో మార్చడమో కంపెనీ బాధ్యత, కారు మొత్తం మార్చనక్కర్లేదని మారుతి ఉద్యోగ్, సుశీల్ కుమార్ గబ్‌గోత్రా కేసులో సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. మీరు ఇరుసు మార్పు, టైరు ఖరీదు, ఖర్చులు, న్యాయమైన పరిహారం అడగండి. టైరు వారంటీలో లేదని వాళ్లంటారు, నిజమే కావచ్చు. మీ ఫిర్యాదు ఇరుసు మీద అని రాయండి, వారంటీ బుక్‌లో ఇరుసుకు ఎన్నేళ్లో చూసుకోండి.

డీలర్‌నీ, తయారీదారునూ ఇద్దరినీ చేర్చి, వచ్చి టైరు, ఇరుసు పరీక్షించుకోమని 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. జవాబు వచ్చినా రాకపోయినా వచ్చే నెలలో మీరుండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, కారు కొన్న ఊరికి వెళ్లనక్కర్లేదు. వేసేటప్పుడే సెక్షన్ 38 కింద పరీక్షకు పంపమని విడిగా అర్జీ పెట్టండి.