పెయింటు మూత తీసేముందు డెకాల్ షీటు తీయి

చి॥ మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. నువ్వు కడుతున్న మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్ అతుకులు ఆనవాలు లేకుండా అరగదీశావు. ఇక పెయింటే అన్నావు. ఆగమ్మా. ముందు పెట్టె అడుగున ఉన్న డెకాల్ షీటు, అంటే నీళ్లలో నానబెట్టి మోడల్ మీదికి జార్చి అంటించే గుర్తుల కాగితం, బయటికి తీయి. చాలామంది దాన్ని ఆఖరి రోజు దాకా ముట్టుకోరు. నెల రోజుల కష్టం ఒక్క సాయంత్రంలో బూడిదపాలయ్యేది అక్కడే.

షీటును కిటికీ దగ్గర పెట్టుకుని, మన వాయుసేన గుండ్రటి గుర్తయిన రౌండెల్‌ను భూతద్దంలో చూడు. బయట కాషాయం, నడుమ తెలుపు, లోపల ఆకుపచ్చ. ఆ తెల్ల వలయం అన్ని వైపులా ఒకే మందంలో ఉందా? ఒక పక్క లావుగా, ఇంకో పక్క వెంట్రుకలా ఉంటే అచ్చు వేసేటప్పుడు రంగులు పక్కకు జరిగాయన్నమాట. అర మిల్లీమీటరే కదా అనుకోకు. 1/72 స్కేలులో, అంటే అసలుకు డెబ్బై రెండో వంతు మోడల్‌లో, అది అసలు విమానం మీద 36 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల వెడల్పు! నిజం విమానానికి అలా రంగు వేసినవాణ్ణి పైఅధికారి ఊరికే వదులుతాడా?

కాషాయం విషయం ఇంకోటి. వెనక కాగితం తెల్లగానో లేత నీలంగానో ఉంటుంది కాబట్టి షీటు మీద ఏ రంగయినా నిండుగానే కనిపిస్తుంది. కింద తెల్ల సిరా పూత సరిగా లేకపోతే, ముదురు ఆకుపచ్చ రెక్క మీదికి చేరగానే ఆ కాషాయం కాస్తా ఇటుక పొడి రంగుకు దిగుతుంది. చూపుతో దీన్ని పట్టుకోలేవు. అందుకే నేను చెంచా పరీక్ష చేస్తాను. ఒక ప్లాస్టిక్ చెంచాకు విమానానికి వేయబోయే రంగే వేసి, షీటు మూలన ఉండే కంపెనీ పేరునో, నీకు అక్కర్లేని నంబరునో కత్తిరించి అంటించు. కాగితం నుంచి ఎంతసేపటికి జారింది, ముక్కలైందా, కింది రంగు కనిపిస్తోందా, డెకాల్‌ను మెత్తబరిచే సాఫ్టెనర్ ద్రవానికి లొంగిందా... అన్నీ ఆ చెంచాయే చెబుతుంది.

ఇది అనుభవం మీద నేర్చుకున్న పాఠం. ఎప్పుడో కొని అటక మీద పెట్టిన కిట్ ఒకటి తీసి, పరీక్ష లేకుండానే రౌండెల్‌ను నీళ్లలో వేశాను. నలిపిన అప్పడంలా నలభై ముక్కలై గిన్నెలో తేలింది. అలాంటి పాత షీటు మీద ముందుగా లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ అనే ద్రవాన్నో, పారదర్శకమైన లాకర్ వార్నిష్‌నో పలుచగా పూస్తే నిలుస్తుంది. కాకపోతే అప్పుడు షీటంతా ఒకే పొర అయిపోతుంది, ప్రతి గుర్తునూ అంచు వెంబడే కత్తిరించుకోవాలి. పసుపెక్కిన షీటయితే కవరులో పెట్టి ఎండపడే కిటికీ అద్దానికి కొన్నాళ్లు అంటించు, చాలావరకు తెల్లబడుతుంది.

పెట్టె మీద ఇటలీకి చెందిన డెకాల్ అచ్చు కంపెనీ కార్టోగ్రాఫ్ ముద్రణ అని ఉంటే నాకు సగం బెంగ తీరుతుంది. సగమే సుమా! అచ్చు ఎంత శుభ్రంగా ఉన్నా, ఏ కాషాయం, ఏ సైజు అన్నది కిట్ తయారుచేసినవాళ్ల లెక్క. అసలు విమానం ఫొటో పక్కన పెట్టుకునే చూడు.

అందరూ పలుచటి డెకాల్‌ను మెచ్చుకుంటారు. నేను మాత్రం కొత్తవాళ్లకు కాస్త మందంగా ఉన్నదే మేలంటాను. మరీ పలుచనిది నీళ్లలోనే మడత పడి తనకు తానే అతుక్కుంటుంది. విడదీయబోతే ఆయుష్షు తీరినట్టే. మందంగా ఉన్నదాన్ని రెండుసార్లు జరిపినా ఓర్చుకుంటుంది. విమానం రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతల్లోకి దిగకపోతే గోరువెచ్చని నీళ్లు, మైక్రో సాల్ అనే సాఫ్టెనర్ ఉండనే ఉన్నాయి.

మైక్రో సాల్ వేయగానే డెకాల్ ముడతలు పడుతుంది. నీ గుండె ఆగుతుంది. చేతులు వెనక్కి కట్టుకుని టీ తాగిరా. ఆరేకొద్దీ అదే సర్దుకుంటుంది. నేను ఒకసారి తట్టుకోలేక వేలితో సవరించాను, కాషాయం మొత్తం వేలికే వచ్చింది.

ఇంకొక మాట. డెకాల్ కింద వెండి పొడి చల్లినట్టు మెరుపు కనిపిస్తే వెంటనే కిట్‌వాళ్లను తిట్టకు. ఎక్కువసార్లు తప్పు మనదే. మెరుపు లేని మ్యాట్ పెయింటు గరుకుగా ఉంటుంది, ఆ గుంతల్లో గాలి చిక్కుకుంటుంది. ముందు నున్నగా మెరిసే పారదర్శక పూత, అదే గ్లాసీ క్లియర్, కొట్టి, పూర్తిగా ఆరాక డెకాల్ వేయి. మ్యాట్ పూత ఆఖరున. మీ బోరు నీళ్లు మాత్రం వాడకు, ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

పెళ్లి భోజనాల్లో మిగిలిన చెంచాలు మీ అత్తయ్య ఒక కట్ట దాచింది, కొరియర్‌లో పంపుతున్నాను. కాషాయం ఎలా వచ్చిందో చెంచా ఫొటో పంపు. అప్పటిదాకా విమానానికి పెయింటు వేయకు.

ఇట్లు,
మామయ్య